పదిహేడో ప్రశ్న

లీలావతి మెట్లెక్కి వచ్చేసరికి నిర్మల బెండకాయలు తరుగుతోంది. డిటెక్టివ్ అనగానే ఏదేదో ఊహించుకుని వచ్చేవాళ్ళు జనగామ స్టేషన్ రోడ్డులో, స్టీలు సామాన్ల దుకాణం మీదున్న ఆ గదిని చూసి ఉసూరుమనడం మామూలే. నిర్మల నలభై ఆరేళ్ళ మనిషి, నేత చీర, మెడలో తాడుకు వేలాడే కళ్ళద్దాలు. వేలిముద్రల విభాగంలో పదిహేనేళ్ళు గుమాస్తాగా పనిచేసి, పై అధికారితో పడక రాజీనామా ఇచ్చి వచ్చేసింది. ఇప్పుడు పెళ్ళి సంబంధాల వాకబు ఆమె రోజువారీ పని. ఆటో నడిపే ప్రేమ్‌సింగ్ ఆమెకు సహాయకుడు. ఆమె దగ్గినా అందులో ఏదో మర్మం ఉందనుకునే రకం. ఎంత చెప్పినా మారడు.

అది 2011 వేసవి మొదలు. రాష్ట్రం ఇస్తారా ఇవ్వరా అన్న మాట తప్ప ఊళ్ళో ఇంకో మాట లేని రోజులు. కిటికీ కిందనే రిలే దీక్షల శిబిరం. దాని మైకు పొద్దున ఎనిమిదికి మొదలైతే ఎవరు ఎవరికి ఏం చెప్పాలన్నా రెండుసార్లు చెప్పాలి. లీలావతి కూడా రెండుసార్లే చెప్పింది.

"చచ్చిపోయిన పిలగాడు మా హాస్టల్ బోర్డు మీద రాసిండు మేడం."

నిర్మల కత్తిపీట పక్కకు జరిపింది. "కూసోండ్రి. నీళ్ళు తాగి, మొదటి నుంచి చెప్పుండ్రి."

లీలావతి భర్త భూపాల్‌రెడ్డి జ్ఞానతోరణం జూనియర్ కాలేజీకి యజమాని. కెమిస్ట్రీ చెప్పేదీ ఆయనే. హాస్టల్ లీలావతి చూసుకుంటుంది. వంద మంది పిల్లల వంటకు లెక్క తప్పకుండా బియ్యం పోసే మనిషి, ఇవాళ గ్లాసు నోటిదాకా తీసుకుపోలేకపోతోంది.

"మా పిల్లలకు ఒక అలవాటున్నది మేడం. పరీక్ష రాసి వస్తే అన్నం కూడా తినరు. వరండాల బోర్డు కాడ కూడుతరు. బాగ చదివేటోడు ఒకడు సుద్దముక్క పట్టి జవాబులన్నీ రాస్తడు. తతిమ్మవాళ్ళు వాళ్ళ వాళ్ళ ప్రశ్నపత్రం మీద మార్కులు ఏసుకుంటరు. పోయినేడు ఆ రాసేటోడు మాన్‌సింగ్. నర్సింహులపేట దిక్కు తండా పిలగాడు. ఫస్టియర్ కెమిస్ట్రీ పరీక్ష నాడే, ల్యాబులకు పోయి గడియ పెట్టుకొని గ్యాసు పీల్చిండన్నరు. పేపరు కష్టమొచ్చింది, ఫెయిలయితనని భయపడ్డడన్నరు."

"అన్నరు అంటున్నరు. మీరు చూడలేదా?"

"నేను ఆ పూట మా అమ్మగారింట్ల ఉన్న. సార్ చెప్పిందే నాకు తెల్సు." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నిన్న మళ్ళ కెమిస్ట్రీ. పిల్లలు సెంటరుకు పోయిన్రు. ఒంటిగంటకు తిరిగొచ్చేసరికి బోర్డు నిండ జవాబులు. ఈ ఏటి పేపరుకు కాదు, పోయినేటి పేపరుకు. ఆ పిలగాని రాతే. సగం మంది మూటలు కట్టుకున్నరు. ఎంసెట్ నెలన్నర కూడా లేదు, ఇప్పుడు ఇండ్లకు పోతే వాళ్ళ చదువు ఆగమైతది. సార్ తుడిచెయ్యమన్నడు. నేను దుప్పటి కప్పి ఇటే వచ్చిన."

"మీకేం అనిపిస్తుంది?"

లీలావతి గ్లాసు కింద పెట్టింది. "ఏడాది నుంచి ఆ వరండాల నడిస్తే కుళ్ళిన గుడ్ల వాసన వస్తది నాకు. కిటికీలు తీపిచ్చిన, ఫినాయిలు పోపిచ్చిన. పోతలేదు. ఆ పిలగాడు నన్నేదో అడుగుతున్నడు మేడం. ఏం అడుగుతున్నడో తెలుస్తలేదు."

ప్రేమ్‌సింగ్ తలుపు దగ్గర నుంచి గది మధ్యకు జరిగాడు. అతనిదీ తండానే. దయ్యాల మాట నమ్మనని అందరితో అంటాడు గానీ, ఆ మాట పగటిపూట మాత్రమే అంటాడు.

*

కాలేజీ సిద్దిపేట రోడ్డు మీద ఉంది. రోడ్డు వైపు పొడుగాటి వరండా, వరుసగా నాలుగు క్లాసుగదుల తలుపులు, చివర ల్యాబు తలుపు. వరండా మొదట్లో గోడకు నల్లబోర్డు. పరీక్ష మర్నాడు ఎక్కడైనా పిల్లల గోల చెవులు చిల్లులు పొడుస్తుంది. నీకెంత, నాకెంత, ఆ లెక్కకు యూనిట్ రాసినవా అని. ఇక్కడ డెబ్భై మంది పిల్లలు మెట్ల మీద కూర్చుని, మడత విప్పని ప్రశ్నపత్రాలు ఒళ్ళో పెట్టుకుని, దుప్పటి వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నిస్తున్నారు.

నిర్మల దుప్పటి తీసింది. ఎవరో చిన్నగా ఏడ్చారు.

ఒకటి నుంచి ఇరవై ఒకటి దాకా జవాబులు. పదిహేడు దగ్గర "అవక్షేపం రాదు" అని ఉంది. అన్నిటికన్నా కింద, పెద్ద అక్షరాలతో, పక్కకు వాలి, ఇంకో వరుస: "17. చేసి చూసిన. రాలేదు."

నిర్మల కళ్ళద్దాలు పెట్టుకుని బోర్డుకు ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడి పావుగంట చూసింది. బోర్డు మీద నిలువుగా, అక్షరాల మీదుగా, రెండు సన్నటి గీతలు పై నుంచి కింది దాకా ఉన్నాయి. ఏ జవాబుకూ చెందని గీతలు అవి. "ప్రేమ్, ఈ 'అ' చూడు. సుద్ద ఎక్కడ మొదలైంది?"

"తోక కాడ అక్కా."

"నువ్వు 'అ' రాస్తే ఎక్కడ మొదలుపెడ్తవు?"

ప్రేమ్‌సింగ్ గాలిలో రాసి చూసుకున్నాడు. అక్క మహా తెలివిగల ప్రశ్న అడిగిందని అర్థమైంది గానీ, దానికి జవాబు ఏమిటో అర్థం కాలేదు.

పిల్లల్లో ఒకమ్మాయి ముందుకు వచ్చింది. పేరు కవిత, సెకండియర్. మాన్‌సింగ్ వాళ్ళ తండాకు నాలుగు మైళ్ళ దూరంలో ఇంకో తండా ఆమెది. "రాత మాన్‌సింగ్‌దే మేడం. ఏడుకు నడుమ గీత పెడ్తడు. ఇంకెవలం పెట్టం."

"పోయినేడు ఇక్కడ కూడినప్పుడు ఏమైంది?"

"పేపరు మస్తు కష్టమొచ్చింది. సగం మంది ఏడుస్తున్నరు. మాన్‌సింగ్ ఒక్కడే నిమ్మళంగ రాసుకుంట పోయిండు. పదిహేడు కాడ లొల్లి అయింది. జింక్ లవణంల ఆమ్లం కలిపి హైడ్రోజన్ సల్ఫైడ్ పంపితే ఏమైతది అని ప్రశ్న. సార్ నోట్సుల తెల్ల అవక్షేపం, అంటే అడుగుకు దిగే తెల్లపొడి, వస్తదని ఉన్నది. మేమందరం అదే రాసినం. మాన్‌సింగ్ మాత్రం ఆమ్లం ఉన్నది కాబట్టి రాదు అని రాసిండు."

"సార్ ఏమన్నరు?"

కవిత ఆఫీసు గది వైపు చూసి గొంతు తగ్గించింది. "నవ్విండు. తండా నుంచి వచ్చి నాకే పాఠం చెప్తున్నవా అన్నడు. మేము కూడా నవ్వినం." ఆమె చున్నీ కొస వేలికి చుట్టుకుంది. "మాన్‌సింగ్ వెనకదిక్కు జవాబులు రాసుకున్న తన ప్రశ్నపత్రం నిలువుగ మడిచి జేబుల పెట్టుకొని, చేసి చూపిస్త అన్నడు. మేము చూసుడు అదే ఆఖరు."

"తర్వాత?"

"రెండింటికి బంద్ అన్నరు. ఊరేగింపు వస్తుందంటే సార్ మమ్ముల నడిమి గదిల కూసోబెట్టి, కిటికీలు మూపిచ్చి ఎంసెట్ క్లాసు పెట్టిండు. బంద్ నాడు ఎప్పుడైనా గంతే. బయటికెంచి తాళాలేస్తే కాలేజీ మూసినట్టు కనపడతది, లోపల క్లాసు నడుస్తది. ఎవ్వరు నోరు మెదపొద్దన్నడు. కొంచెంసేపటికి బయటోళ్ళు తలుపులు కొట్టిన్రు. చానాసేపు కొట్టిన్రు. మేము ఊపిరి బిగబట్టుకొని కూసున్నం. తర్వాత వాళ్ళే ఊకున్నరు."

ఆ మాటకు మెట్ల మీద పిల్లలు కొందరు తల వంచుకున్నారు. నిర్మల పెన్నుకు మూత పెట్టేసింది. నోట్‌బుక్కులో ఏమీ రాసుకోలేదు. అలా రాసుకోకపోతే విషయం గట్టిదని ప్రేమ్‌సింగ్‌కు అనుభవం.

భూపాల్‌రెడ్డి ఆఫీసులో ఎంసెట్ స్లిప్ టెస్టులు దిద్దుతూ కనిపించాడు. ఎడమవైపు మార్జిన్లో మార్కు వేసి, చుట్టూ సున్న చుట్టి, దానికి చిన్న తోక లాగుతున్నాడు. దిద్దుతూనే మాట్లాడాడు.

"మా ఆమె పరేషాన్‌ల మీ దగ్గరికి వచ్చింది. ఇది ఎవడో ఆకతాయి పని. పట్టుకొని చెప్పుండ్రి, పంపిచ్చేస్త."

"పోయినేటి సంగతి జర చెప్పండి సార్."

"చెప్పడానికేమున్నది. నాలుగింటికి పోయి చూస్తే ల్యాబు లోపల గడియ పెట్టుకున్నడు. తలుపు గుద్ది తెరిచినం. హైడ్రోజన్ సల్ఫైడ్, ఆ కుళ్ళిన గుడ్ల వాసన గ్యాసు, తయారుచేసే గాజు పరికరం తిప్పి పెట్టుకున్నడు. జేబుల ప్రశ్నపత్రం. మార్కులు తనే లెక్కేసుకున్నడు, పందొమ్మిది. పాసుకు ఇరవై ఒకటి కావాలె. ఆ పత్రం వాళ్ళమ్మకిచ్చి పంపినం. పాపం."

పాపం అన్నప్పుడు కూడా ఎర్రపెన్ను ఆగలేదు.

ల్యాబు తాళం తీసింది లచ్చయ్య. అరవై దాటిన అటెండరు, భూపాల్‌రెడ్డి సొంతూరు చిల్పూర్ దిక్కు మనిషి, వాళ్ళ పొలంలో పనిచేసి ఇక్కడికి వచ్చినవాడు. గది మూసి ఉన్న వాసన కొట్టింది, అంతే. అయినా ప్రేమ్‌సింగ్ ముక్కు మూసుకున్నాడు. నిర్మల బల్ల మీది గాజు పరికరం మర తిప్పి చూసింది, అరిగిపోయి సగంలోనే పట్టేసింది. నిర్మల తలుపు లోపలి గడియ పట్టుకుని లాగింది. కదలలేదు. ప్రేమ్‌సింగ్ ఆటోలోంచి నూనె తెచ్చి పోసి, రెండు చేతులతో లాగాడు. అయినా కదలలేదు. గడియ మీద, దాని మేకుల మీద, ఎన్నేళ్ళ కిందటివో రెండు పూతల పచ్చరంగు గడ్డకట్టి ఉంది. తర్వాత ఆమె గడప దగ్గర కూర్చుంది. తలుపు కింద వేలెడు సందు ఉంది.

"నిన్న పిల్లలు పరీక్షకు పోయినప్పుడు ఇక్కడెవరున్నరు లచ్చయ్యా?"

"నేనే ఉన్ననమ్మా. వంటోళ్ళు ఎనక దిక్కున్నరు. సారూ, మేడమూ పిల్లలతోని సెంటరు కాడికి పోయిన్రు."

"ఎవరన్నా వచ్చిన్రా?"

"నేను చూడలే." అతను తలుపు మూస్తూ, తాళం వేసిన తర్వాత తలుపుకు చెవి పెట్టి ఒక్క క్షణం ఆగాడు. అలవాటుగా చేసినట్టు చేశాడు. ఆ తర్వాత నెమ్మదిగా అడిగాడు. "అమ్మా, నాకు సదువు రాదు. ఆ బోర్డు మీద ఏం రాసున్నది? పొద్దటి నుంచి పిల్లల నడుగుతున్న, ఎవలు చెప్తలేరు, ఉరుకుతున్నరు."

"పరీక్ష జవాబులు."

"పేర్లేమన్న ఉన్నయా?"

నిర్మల అతని చేతుల వైపు చూసింది. "రేపు చెప్త, లచ్చయ్యా."

తిరిగి వచ్చేటప్పుడు ఆమె ఆటోను దీక్షా శిబిరం ముందు ఆపించింది. మైకు పట్టుకున్న విద్యార్థి నాయకుడు అమర్‌ను పక్కకు పిలిచి, పోయినేడు ఆ బంద్ నాడు కాలేజీ తలుపులు కొట్టింది మీరేనా అని అడిగింది.

అమర్ బుర్ర గోక్కున్నాడు. "ఊరేగింపు ముందు నడిచింది నేనే మేడం. అన్ని తలుపులకు తాళాలు చూసినం, మంచిగ బంద్ చేసిండని ముందుకు పోయినం. గేటు కూడా ముట్టుకోలే. బయట తాళం ఉన్న తలుపును ఎవడన్న కొడతడా?"

*

మర్నాడు పొద్దున బస్సులో తొర్రూరు, అక్కడి నుంచి షేర్ ఆటోలో తండా. జమ్లీ మిరప తోటలో ఉంది. మాన్‌సింగ్ పేరు వినగానే తలమీది బట్ట ముందుకు లాక్కుని గట్టు మీద కూర్చుంది. ప్రేమ్‌సింగ్ తమ భాషలో మొదలుపెట్టాడు గానీ ఆమె తెలుగులోనే మాట్లాడింది. ఆ చదువుకున్న మేడం తన మాట సూటిగా వినాలని ఆమె పట్టుదల.

రవికలోంచి చిన్న ప్లాస్టిక్ సంచీ తీసి, అందులోంచి ప్రశ్నపత్రం తీసింది. "నాకు సదవరాదు. పందొమ్మిదని చెప్పిన్రు. ఏడాది నుంచి నా తానే పెట్టుకున్న."

పెన్సిలుతో వేసిన మార్కులు. అన్నీ ఎడమ మార్జిన్లో. ప్రతి మార్కు చుట్టూ సున్న, సున్నకు తోక. పదిహేడో ప్రశ్న పక్కన సున్నా మార్కులు. పత్రం నడిమికి అడ్డంగా మడతపెట్టి ఉంది. నిలువు మడత లేదు.

"ఆ దినం పొద్దుగాల మాట్లాడినవా అవ్వా, కొడుకుతోని?"

జమ్లీ కొంగులోని మిరపకాయలు గట్టు మీద పోసింది. మిరప మళ్ళలో పనిచేస్తున్న ఆడవాళ్ళు దూరంగా ఏదో అనుకుంటున్నారు. "ఫోన్ చేసిండు. కెమిస్ట్రీ అన్నడు. నేను నగుకుంట, పాస్ గాకుంటే తండాకు రాకు బిడ్డా అన్న. నగులాటకే అన్న. సరేనే యాడీ, సరేనే అమ్మా అన్నడు." ఆమె నేల వైపు చూస్తూ అంది. "నేను రావద్దన్న, వాడు రాలేదు. నా నోరే వాణ్ణి తిన్నది. మా ఆయన మాట్లాడుడు బంద్ చేసిండు. నేను కూడా నాతోని మాట్లాడుడు బంద్ చేసిన."

ప్రేమ్‌సింగ్ మొహం తిప్పుకున్నాడు. నిర్మల మాత్రం జమ్లీ చెయ్యి పట్టుకుని, మిరపకాయ ఘాటు తన కళ్ళకు తగులుతున్నా వదల్లేదు.

"రేపు నువ్వు జనగామకు రావాలె అవ్వా. వాడు ఎందుకు రాలేదో నీకు చెప్త."

*

మరునాడు ఒంటిగంటకు వరండాలో అందరూ కూడారు. పిల్లలు మెట్ల మీద, భూపాల్‌రెడ్డి కుర్చీలో, లీలావతి స్తంభానికి ఆనుకుని, లచ్చయ్య తాళాల గుత్తి పట్టుకుని ఒక మూల. జమ్లీని కవిత తన పక్కన కూర్చోబెట్టుకుంది. బోర్డు మీద రాత అలాగే ఉంది.

"ముందు ఈ బోర్డు సంగతి," అంది నిర్మల. "రాత మాన్‌సింగ్‌దే. చెయ్యి మాత్రం వేరే. చదువొచ్చిన మనిషి అక్షరాన్ని రాస్తడు. ఇక్కడ అక్షరాన్ని బొమ్మ గీసినట్టు గీసిన్రు. తోక నుంచి మొదలుపెట్టి తలకు పోయిన్రు. అన్నిటికన్న ముఖ్యం ఈ రెండు గీతలు. కాయితం మడత గీతలు ఇవి. గీసినాయనకు మడత ఏదో, అక్షరం ఏదో తెలియదు. ఉన్నది ఉన్నట్టు దించిండు. అంటే మాన్‌సింగ్ సొంత ప్రశ్నపత్రం, నిలువుగ మడిచి జేబుల పెట్టుకున్నది, చదువురాని మనిషి ఎవరి దగ్గరనో ఉన్నది. ఈ ఏటి పరీక్ష నాడు పొద్దున ఇక్కడ ఒంటరిగ ఉన్నది ఒక్కరే."

తాళాల గుత్తి చప్పుడైంది. లచ్చయ్య గోడ పక్కన కింద కూర్చున్నాడు.

"అయితే జేబుల దొరికింది ఏంది?" భూపాల్‌రెడ్డి గట్టిగా అడిగాడు. "పోలీసోళ్ళ ముందట తీసినం."

"ఆ సంగతికే వస్తున్న సార్." నిర్మల జమ్లీ ఇచ్చిన పత్రం పైకెత్తి చూపించింది. "పిల్లలారా, మీరు మార్కులు ఏ దిక్కు వేసుకుంటరు?"

"ప్రశ్న చివర్ల మేడం, కుడి దిక్కు," అన్నారు పిల్లలు.

"ఇందుల ఎడమ దిక్కు ఉన్నయి. సున్న చుట్టి, తోక లాగి. పేపర్లు దిద్దే చెయ్యి అట్ల వేస్తది. ఇంకోటి. పదిహేడుకు సున్నా వేసున్నది. నాదే కరెక్టు, చేసి చూపిస్త అని ఇందరి ముందట అన్న పిలగాడు తనకు తానే సున్నా వేసుకుంటడా? ఆ జవాబు తప్పని నమ్మిన మనిషి ఈ కాలేజీల ఒక్కరే ఉన్నరు. ఆయనే ఇంకో పత్రం మీద మార్కులు వేసి వాని జేబుల పెట్టిండు."

భూపాల్‌రెడ్డి కుర్చీలోంచి లేచాడు. లీలావతి అతన్ని చూసింది. అతను తిరిగి కూర్చున్నాడు.

"లోపల గడియ పెట్టుకున్నడు అన్నరు. ఆ గడియ కదలక ఎన్నో ఏండ్లయింది. రంగు పగలలే, మేకు ఊడలే. ఆ తలుపు లోపల నుంచి పెట్టుకునేది కాదు. బయట నుంచి తాళం వేసేది." నిర్మల గొంతు తగ్గింది. "మాన్‌సింగ్ చావడానికి పోలేదు. పదిహేడో ప్రశ్న చేసి చూడడానికి పోయిండు. సార్ నవ్విండు, మీరు నవ్విన్రు, అందుకే పోయిండు. అప్పుడే బంద్ కబురొచ్చింది. కిటికీలు మూపిచ్చిన్రు, తలుపులన్నిటికి బయట తాళాలు వేయించిన్రు. ల్యాబుల ఎవరన్న ఉన్నరా అని చూడలే. లోపల పరికరం మర పాతది, సరిగ మూతపడక గ్యాసు ఆగలే. వాడు తలుపు కాడికి వచ్చిండు."

నిర్మల మెట్ల వైపు తిరిగింది.

"కవితా, ఆ దినం బయటోళ్ళు తలుపు కొట్టిన్రు అన్నవు. ఊరేగింపుల ఉన్న అమర్‌ను అడిగిన. తాళం ఉన్న తలుపును ఎవడన్న కొడతడా అన్నడు. నిజమే. బయట తాళం ఉన్న తలుపును లోపలోళ్ళే కొడతరు."

కవిత రెండు చేతులతో నోరు మూసుకుంది. మెట్ల మీద ఆ రోజు ఆ గదిలో కూర్చున్న పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. ఊపిరి బిగబట్టి కూర్చున్న ఆ సేపంతా తాము విన్నది ఏమిటో ఇప్పుడు వాళ్ళకు తెలిసింది. ఏడాది పాటు ఆ వరండాలో వాళ్ళు భయపడింది దయ్యానికి కాదు. ఆ కొట్టుడు గుర్తొచ్చి భయపడ్డారు, అంతే.

లచ్చయ్య అప్పుడు నోరు విప్పాడు.

"నేనే ఏసిన తాళం. సార్ ఏయమన్నడు, ఏసిన. గేటు కాడ నిలబడ్డ. చప్పుడు నాకు గూడ ఇనొచ్చింది. లోపలి పిల్లలు నినాదాలకు బల్లలు గుద్దుతున్నరనుకున్న. జనం పోయినంక తాళం తీయబోతే తలుపు కింద కాయితం పొడుచుకొచ్చున్నది. తీసి బొడ్ల చెక్కుకున్న. తలుపు తీస్తే పిలగాడు గడప కాడనే పడున్నడు." అతను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "చెప్పినవంటే తాళమేసింది నువ్వు, నిన్నే పట్టుకపోతరు అన్నడు సారు. ఆ కాయితం గురించి సారుకు కూడ చెప్పలే."

"మరి బోర్డు మీద ఎందుకు గీసినవు?" నిర్మల మెత్తగా అడిగింది.

"వాడు నాకే ఇచ్చిండు గదమ్మా ఆ కాయితం, తలుపు సందులకెంచి. అదొక ఉత్తరమనుకున్న. తాళమేసింది లచ్చయ్య అని రాసిండేమో, నన్ను తిట్టిండేమో. ఎవలకు చూపిద్దామన్న నా గుట్టు బయటపడతది. చూపకపోతే వాని ఆఖరు మాట నా పెట్టెల్నే పాడైతది. ఏడాది నిద్రలేదు. పరీక్ష నాడు పిల్లలు బోర్డు కాడ గట్టిగ సదువుకుంటరు గద. దించి పెడితే ఎవలన్న సదువుతరు, నేను దూరం నుంచి ఇంటననుకున్న. అందరు ఉరికిన్రు. ఎవలు సదవలే." అతను బొడ్డులోంచి నిలువు మడతల కాగితం తీసి జమ్లీ కాళ్ళ దగ్గర పెట్టాడు. "నన్ను ఏమన్న రాసిండా బిడ్డా? సదివి చెప్పుండ్రి."

కవిత ఆ కాగితం విప్పింది. తలుపు కింది దుమ్ము మడత వెంబడి నల్లటి గీతలా అంటుకుని ఉంది. ఆమె మొదటి నుంచి చివరి దాకా గట్టిగా చదివింది. అన్నీ జవాబులే. చివర మాత్రం చెయ్యి వణికిన అక్షరాలు: పదిహేడు, చేసి చూసిన, రాలేదు.

"నీ పేరు లేదు తాతా," అంది కవిత. "ఎవరి పేరూ లేదు. తన జవాబు కరెక్టని చెప్పిండు, గంతే."

లచ్చయ్య ఏడవడం మొదలుపెట్టాడు. జమ్లీ అతని వైపు చూస్తూ ఉండిపోయింది. ఆమె మనసులో ఏముందో ప్రేమ్‌సింగ్‌కు కూడా తెలియలేదు.

భూపాల్‌రెడ్డి మళ్ళీ లేచి నిలబడ్డాడు. "నేను కావాలని చెయ్యలే. కాలేజీ మూతబడుతుండె. మూడొందల మంది పిల్లలు..."

"ఆ ముచ్చట పోలీసోళ్ళకు చెప్పు," అంది లీలావతి. అంతమంది ముందు ఆమె భర్తను నువ్వు అనడం అదే మొదటిసారి. లచ్చయ్య చేతిలోని తాళాల గుత్తి తీసుకుని తన నడుముకు దోపుకుంది. "మేడం చెప్తే ఇందాకనే ఫోన్ చేసిన. వస్తున్నరు. నేను కూడా సాక్ష్యం చెప్త. ఏడాది నుంచి వాసన ఎందుకు పోతలేదో నాకిప్పుడు తెల్సింది."

ఆమె లోపలికి వెళ్ళి, ఎవరూ తీసుకోని మార్కుల మెమోలు పెట్టే బీరువాలోంచి ఒక కవరు తెచ్చింది. నిర్మల పొద్దున ఆ సంగతి అడిగేదాకా ఎవరికీ తోచలేదు. చనిపోయిన పిల్లవాడికి ఎన్ని మార్కులు వచ్చాయో ఎవరు చూస్తారు? నిర్మల మెమో విప్పి జమ్లీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"కెమిస్ట్రీ, అరవైకి యాభై ఏడు. ఇదే కాలేజీల అందరికన్న ఎక్కువ. పాసైండు అవ్వా. నీ మాట వాణ్ణి ఆపలే. తాళం ఆపింది. ఆ తలుపు తెరిస్తే ఆ సాయంత్రమే తండాకు వస్తుండె."

జమ్లీ మెమో పట్టుకుంది గానీ దాని వైపు చూడలేదు. బోర్డు వైపు చూసింది. "పిల్లలు ఇక్కడ మార్కులు ఏస్తరంటివి గద," అంది కవితతో. "వానికి ఎవలన్న ఏసిన్రా ఆ దినం?"

"లేదు యాడీ. నడుమనే లేచిపోయినం."

"ఇప్పుడు ఏయి."

కవిత లేచి సుద్దముక్క తీసుకుంది. మొదటి జవాబు పక్కన, కుడి వైపు, రెండు వేసింది. పిల్లలు ఒక్కొక్కరే మెట్లెక్కి బోర్డు ముందుకు చేరారు. ఎవరో రెండోదానికి రెండు అన్నారు. మూడోదానికి యూనిట్ రాయలేదు, ఒకటే అన్నారు ఇంకొకరు. కాదు, రాసిండు చూడు అని వాదన మొదలైంది. ఆ వరండాలో ఏడాది తర్వాత వినిపించిన మొదటి గోల అది. జమ్లీకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు తల తిప్పుతూ వింటోంది. పోలీసు జీపు గేటు ముందు ఆగింది. ఎవరూ అటు చూడలేదు.

పదహారు అయింది. కవిత చెయ్యి ఆగింది. గోల కూడా ఆగింది.

"పదిహేడుకెన్ని?" జమ్లీ అడిగింది.

"నాలుగుకు నాలుగు యాడీ," అంది కవిత, వేసింది.